రాత్రి తిండి మానేస్తే ఆయుష్షు పెరుగుతుందా? - సమాధానం
అన్నా, మీ నాయనకు 68 ఏళ్లు, మనిషి బక్కపల్చన, షుగర్ మాత్రలు వేసుకుంటారు, ఏదో వీడియో చూసి రాత్రి తిండి మానేసినారు అన్నావు కదా. ముందు ఆ మాత్రల సంగతి చూడు. గ్లిమెపిరైడ్ లాంటిది వేసుకొని కడుపు మాడ్చుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగించు. రేపే డాక్టర్‌ను అడుగు, మాత్ర మీ అంతట మీరే ఆపొద్దండి.

ఇంక ఆయుష్షు మాట. తిండి తగ్గిస్తే ఆయుష్షు పెరగడం ఎలుకల్లో నిజమే, 1935లోనే మెకే అనే అమెరికా శాస్త్రవేత్త బృందం చూపించింది. కోతుల దగ్గరికొచ్చేసరికి తిరకాసు. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో తక్కువ తిన్న కోతులు ఎక్కువ కాలం బతికినాయి. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ అట్లాగే తక్కువ తిండితో పెంచినవాటికి ఆయుష్షు పెరగలేదని 2012లో తేలింది. విస్కాన్సిన్ మేతలో చక్కెర దండిగా ఉండింది, అది తగ్గించి తింటే మేలు జరగడంలో వింతేముంది?

మనుషుల మీద తిండి తగ్గించి చూసే కాలెరీ (CALERIE) అనే పరీక్ష రెండేళ్లు నడిచింది. తిండిలో కేలరీలు 25 శాతం తగ్గించమంటే సగటున 12 శాతమే తగ్గించగలిగినారు. బీపీ, చెడు కొలెస్ట్రాల్ తగ్గినాయి, నిజమే. ఎముకల గట్టిదనమూ కొంత తగ్గింది. పైగా వాళ్లు 50 దాటనివాళ్లు. రెండేళ్ల పరీక్షతో ఆయుష్షు ఎట్లా తేలుతుంది?

మీ నాయనకు ఆ లెక్క కుదరదు. ఈ వయసులో కండ కరిగితే మళ్లీ పట్టడం కష్టం. రాత్రి ఏడుకల్లా చిన్న సంగటి ముద్ద, పితికిపప్పో గుడ్డో పెట్టు. తగ్గించాల్సింది కాఫీలో చక్కెర, సాయంత్రం బజ్జీలు. అలిపిరి మెట్లెక్కే మొక్కుంటే కాదనను గానీ, 3,550 మెట్లు ఉపాసంతో వద్దని గట్టిగా చెప్పు.