మీరడిగారు, చెప్తున్నా: ఈసారి సానియా గురించే

పోయిన సంచికలో సానియా మీర్జా మీద నాలుగు లైన్లు రాశానో లేదో ప్రశ్నలు వచ్చి పడ్డాయి. అందుకే ఈసారి వంటలూ వడ్డీలూ పక్కన పెట్టి ఆమె సంగతే చూద్దాం.

ప్ర: సానియా సింగిల్స్‌లో నెగ్గలేకే డబుల్స్‌లోకి దూరింది, దానికంత హడావుడి ఎందుకని మా బావ అంటాడు. ఆయన నోరు మూయించేలా ఏదైనా చెప్పండి సార్. (తెనాలి)

పూర్తిగా మూయించలేనండీ, ఆయన మాటలో కొంచెం నిజం ఉంది. ఆమె సర్వీస్ ఎప్పుడూ వీకే, రెండో సర్వీస్ పడిందంటే పెద్ద ప్లేయర్లు ముందుకొచ్చి బాదేసేవాళ్లు. కానీ నెగ్గలేదు అంటే మాత్రం నేనూరుకోను. 2005 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో బొండరెంకోని 6-4, 5-7, 6-3తో ఓడించి డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ టూర్) సింగిల్స్ టైటిల్ కొట్టింది, మన దేశం అమ్మాయిల్లో అదే ఫస్టు, ఆ తర్వాతి నెలే దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాని రెండే సెట్లలో ఇంటికి పంపింది, ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ దాకా వెళ్లి షరపోవా చేతిలో ఓడింది. అప్పటికి ఆమెకి ఇంకా 19 కూడా నిండలేదు. 2007లో ర్యాంకు 27. మనవాళ్లలో అమ్మాయిలెవరూ ఆ దరిదాపులకి కూడా పోలేదు.

అసలు కథ మణికట్టు దగ్గర ఉంది. ఆమె ఫోర్‌హ్యాండ్ చూశారు కదా, బంతి తగిలే ఆఖరి క్షణంలో మణికట్టు ఒక్క విసురు విసురుతుంది, ఎటు పోతుందో అవతలామెకి అంతుచిక్కదు. ఏ మణికట్టు మీద బతికిందో అదే పోయింది. 2008లో ఆపరేషన్, ఆ ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి సింగిల్స్ మ్యాచ్ మధ్యలోనే నొప్పి తట్టుకోలేక ఆపేసింది. మోకాళ్ల గొడవ వేరే. సింగిల్స్ అంటే మొత్తం కోర్టు ఒక్కరే పరిగెత్తాలి, వారంలో ఐదారు మ్యాచ్‌లు. డబుల్స్‌లో సగం కోర్టు చూసుకుంటే చాలు, పైగా టూర్‌లో మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేకే (ముందుగా పది పాయింట్లు తెచ్చుకున్నవాళ్లదే గెలుపు, తేడా రెండుండాలి), శరీరానికి అంత దెబ్బ ఉండదు. 2013లో సింగిల్స్‌కి దణ్ణం పెట్టేసింది. బావగారికి ఇది చెప్పండి, వింటే వింటారు లేకపోతే లేదు.

ప్ర: ఆ డబుల్స్ టైటిల్స్ కూడా మార్టినా హింగిస్ పుణ్యమే కదా? (కరీంనగర్)

ఈ మాట విన్నప్పుడల్లా నాకు కాస్త మండుతుంది. ఆమె గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్‌ల్లో (ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నీలవి) మూడు ఆ స్విట్జర్లాండ్ ప్లేయర్ హింగిస్‌తో జత కట్టకముందే వచ్చాయి, మూడూ మిక్స్‌డ్, అంటే ఆడ మగ కలిసి ఆడే డబుల్స్: మహేశ్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్, బ్రూనో సోరెస్‌తో 2014 యూఎస్. హింగిస్ వచ్చాక బండి దూసుకెళ్లింది, కాదనను, జత కట్టిన మొదటి మూడు టోర్నీలూ గెలిచారు, ఆ దెబ్బకి 2015 ఏప్రిల్‌లో సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. వెనక నుంచి ఈమె ఫోర్‌హ్యాండ్ బాదుడు, నెట్ దగ్గర ఆమె బుర్ర.

ఆ ఏడాది వింబుల్డన్ ఫైనల్ గుర్తుందా? నేను టీవీ ముందు నుంచి లేవలేదు, ఇంట్లోవాళ్లు అన్నానికి పిలిచి పిలిచి ఊరుకున్నారు. అవతల మకరోవా, వెస్నినా. ఈ వెస్నినా ఎవరనుకుంటున్నారు, 2011 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో సానియా పక్కన ఆడి ఓడిన పార్ట్‌నరే! మొదటి సెట్ పోయింది, రెండోది టైబ్రేక్‌లో దక్కింది, మూడో సెట్ చూస్తే 2-5. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నా. ఒక్కో గేమూ లాక్కుంటూ 5-5 చేశారు, అప్పటికి వెలుతురు తగ్గిపోయిందని ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూశారు, లైట్లు వేశాక మళ్లీ మొదలెట్టి చకచకా రెండు గేములు తీసుకుని 7-5తో ముగించారు. ఆ ఆగస్టు నుంచి తర్వాతి ఫిబ్రవరి దాకా వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆ లెక్కలోవే.

మీ ప్రశ్నకి అసలు జవాబు 2016 ఆగస్టులో ఉంది. ఇద్దరూ విడిపోయారు, విడిపోయిన వెంటనే సిన్సినాటి ఫైనల్లో ఎదురెదురుగా నిలబడ్డారు, సానియా పక్కన స్ట్రైకోవా, హింగిస్ పక్కన వాండవే. గెలిచింది సానియా జోడీ, 7-5, 6-4. అప్పటిదాకా ఇద్దరూ పంచుకుంటున్న నంబర్ వన్ కూడా ఆ దెబ్బతో సానియా ఒక్కదానిదే అయింది.

ప్ర: సానియా హైదరాబాద్‌లోనే పుట్టిందా? మా పాపకి ఏడేళ్లు, టెన్నిస్‌కి లేట్ అయిందా? (వరంగల్)

పుట్టింది ముంబైలో, పెరిగింది ఆట నేర్చుకుంది హైదరాబాద్‌లో. ఆమె ఆరేళ్లకి రాకెట్ పట్టింది, మీ పాప ఒక్క ఏడాదే వెనక, కంగారు పడకండి. సానియాకి వాళ్ల నాన్నే కోచ్, అంటే పాపతో పాటు మీరూ ఎండలో నిలబడాలి, అది మాత్రం ముందే ఆలోచించుకోండి.

ప్ర: మన తెలుగు కుర్రాళ్లెవరైనా ఆమెతో ఆడారా? ఆఖరి మ్యాచ్ ఎక్కడ? (విశాఖపట్నం)

మీ ఊళ్లో ఉంటూ అడుగుతున్నారా ఈ ప్రశ్న! మీ వైజాగ్ కుర్రాడు సాకేత్ మైనేనితో కలిసి 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ మిక్స్‌డ్ గోల్డ్ తెచ్చింది కదండీ.

ఇక ఆఖరి గ్రాండ్‌స్లామ్ 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్, రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. 14 ఏళ్లప్పుడు ఆమె మొట్టమొదటి మిక్స్‌డ్ పార్ట్‌నర్ కూడా బోపన్నే. మైకు పట్టుకుని, 2005లో ఇదే మెల్‌బోర్న్‌లో 18 ఏళ్ల పిల్లగా సెరెనాతో ఆడటంతో మొదలైందని చెప్తూ ఏడ్చేసింది, కొడుకు స్టాండ్స్‌లో కూర్చుని చూస్తున్నాడు. ఫిబ్రవరిలో దుబాయ్‌లో మాడిసన్ కీస్‌తో జత కట్టి డబుల్స్ ఆడి మొదటి రౌండ్‌లోనే ఓడింది, టూర్‌లో అదే చివరిది. మార్చి 5న మళ్లీ లాల్ బహదూర్ స్టేడియంకొచ్చి, మొదటి టైటిల్ కొట్టిన చోటే మన జనం ముందు వీడ్కోలు మ్యాచ్‌లు ఆడి రాకెట్ కింద పెట్టింది.