ఏ వాచీతో మొదలుపెట్టాలని అడిగావు కదా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

చేతి గడియారాల మీద నీకు మనసు పడిందనీ, ఏ వాచీ కొని ఈ అభిరుచిని మొదలుపెడితే బాగుంటుందో చెప్పమనీ రాశావు. కంపెనీ పేరు, మోడల్ పేరు కలిపి ఒక్క ముక్కలో జవాబు వస్తుందని ఎదురుచూస్తూ ఉంటావు. అలాంటి జవాబు రాయడం నాకు కష్టమేమీ కాదు గానీ, దానివల్ల నీకు ఒక వాచీ దొరుకుతుందే తప్ప అభిరుచి అబ్బదు. దశాబ్దాల తరబడి వాచీలను వదలకుండా పట్టుకున్నవాళ్లను చాలామందిని ఎరుగుదును. వాళ్లలో ఎవరిని కదిపినా, ఖరీదైన వాచీ కొన్న రోజు గురించి కాక, మామూలు వాచీ ఒకటి తమను ఏదో ప్రశ్నతో ఇబ్బంది పెట్టిన రోజుల గురించే చెబుతారు. బ్యాటరీ లేకుండా ఇది ఎలా నడుస్తోంది, నిన్న సరిగ్గా ఉన్నది ఇవాళ ఎందుకు వెనకబడింది, ఈ చిన్న కిటికీలో తారీఖు అర్ధరాత్రే మారాలని దీనికి ఎలా తెలుసు అన్న ప్రశ్నల్లో ఏదో ఒకటి పట్టుకుందంటే ఇక వదలదు. కనుక నేను రాసేదంతా అలాంటి ప్రశ్న నీలో పుట్టడానికి ఏం చేయాలన్నదాని గురించే.

ముందుగా, ఇంట్లో పెద్దవాళ్ల వాచీ ఏదైనా పెట్టె అడుగున పడి ఉందేమో వెతుకు. లేకపోతే, ప్రతిరోజూ చేత్తో కీ ఇవ్వవలసిన సాదాసీదా మెకానికల్ వాచీ ఒకటి సంపాదించు. ఆటోమేటిక్ వద్దా అంటే, వద్దని కాదు. అది చెయ్యి కదలికతోనే కీ తీసుకుంటుంది కాబట్టి నిన్ను ఏమీ అడగదు. మొదటి వాచీ రోజూ నిన్ను ఏదో ఒకటి అడుగుతూ ఉంటేనే మంచిది. దాన్ని కనీసం ఒక ఏడాది పాటు, మరొకటి కొనకుండా, అదొక్కటే కట్టుకో. ఈ ఒక్క షరతు పాటించడం నువ్వు అనుకున్నంత తేలిక కాదు. రెండు నెలలు తిరిగేసరికి ఇంకో నాలుగు వాచీలు నీ కళ్ల ముందు తిరుగుతాయి. అవి ఎక్కడికీ పోవు, ఉండనీ.

రోజూ ఉదయం ఒకే వేళకు కీ ఇవ్వు. అలాంటి వాచీలు చాలావరకు పూర్తిగా కీ ఇస్తే 40 గంటల చుట్టుపక్కల నడుస్తాయి. కానీ స్ప్రింగు నిండుగా ఉన్నప్పుడు ఉన్న పట్టు చివరి గంటల్లో ఉండదు కాబట్టి, 24 గంటలకోసారి ఇవ్వడమే సరైన పద్ధతి. కీ మరను రెండు వేళ్లతో నెమ్మదిగా తిప్పుతూ పో, గట్టిగా అడ్డు తగిలినట్టు అనిపించిన చోట ఆపెయ్యి. ఎక్కువ కీ ఇస్తే వాచీ పాడవుతుందని చాలామంది భయపడతారు. అలా పాడైందని చెప్పే వాచీలను విప్పి చూస్తే, చాలాసార్లు లోపలి నూనె ఎండిపోయి ఆగిపోయినవే కనబడతాయి.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం తెరువు. ఏదైనా నమ్మకమైన సమయంతో సరిపెట్టి, మరుసటి రోజు అదే వేళకు ఎన్ని సెకన్లు ముందుకు లేక వెనక్కు పోయిందో రాసుకో. రాత్రి పడుకునేటప్పుడు వాచీని కొన్నాళ్లు డయల్ పైకి ఉండేలా పడుకోబెట్టు, మరికొన్నాళ్లు కీ మర కిందికి ఉండేలా నిలబెట్టు. రెండింటికీ తేడా వస్తుంది, అది నీ కళ్లతోనే చూస్తావు. పడుకోబెట్టినప్పుడు లోపల ఊగే చక్రం తన ఇరుసు కొన మీద నిలబడి తిరుగుతుంది, నిలబెట్టినప్పుడు ఇరుసు పక్కభాగం, దాన్ని పట్టి ఉంచే చిన్న రాళ్లకు రాసుకుంటుంది, రాపిడి పెరిగితే ఊపు తగ్గుతుంది. పగలు నాలుగు సెకన్లు ముందుకు పోయే వాచీని రాత్రి ఏ భంగిమలో ఉంచితే ఆ నాలుగూ వెనక్కు వస్తాయో కనిపెట్టి, ఏ పనిముట్టూ వాడకుండానే సరిచేసుకునేవాళ్లు ఉన్నారు. వాచీకి ఒక స్వభావం ఉంటుందన్న సంగతి నాకు మొదట బోధపడింది ఈ లెక్కల వల్లనే.

పది సెకన్ల తేడా వచ్చిందని విసుక్కోకు. రోజుకు 86,400 సెకన్లు. పది సెకన్లంటే 8,640లో ఒక వంతు. విద్యుత్తు ఊసే లేకుండా, లోపల చుట్టిన ఒక ఉక్కు స్ప్రింగు బిగువుతో మాత్రమే నడిచే యంత్రం అంత దగ్గరగా రావడం సామాన్యం కాదు. స్విట్జర్లాండ్‌లో మెకానికల్ వాచీలకు క్రోనోమీటర్, అంటే కచ్చితమైన సమయం చూపే గడియారం అని యోగ్యతాపత్రం ఇచ్చే సంస్థ ఒక్కొక్క యంత్రాన్ని 15 రోజుల పాటు ఐదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో పరీక్షించి కూడా, సగటున రోజుకు 4 సెకన్లు వెనక్కో, 6 సెకన్లు ముందుకో పోవచ్చని ఒప్పుకుంటుంది. అయితే, ఉన్నట్టుండి రోజుకు చాలా నిమిషాలు ముందుకు పరుగెత్తడం మొదలుపెడితే మాత్రం అనుమానించవలసింది అయస్కాంతాన్నే. స్పీకర్లు, సంచుల మూతలకు ఉండే అయస్కాంతపు బిళ్లలు, ఫోను కవర్లు, వీటి పక్కన పెట్టిన వాచీలో సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని పొట్టిదైపోయినట్టు ప్రవర్తిస్తుంది. వాచీ రిపేరు తెలిసినవారి దగ్గర అయస్కాంతత్వం తీసేసే చిన్న పరికరం ఉంటుంది, క్షణాల్లో అయ్యే పని.

ఇంత దూరం వచ్చాక, వాచీ లోపలిని చూడకుండా ఉండలేవు. పని తెలిసినవారిని బతిమాలైనా సరే, వెనక మూత తీయించుకుని, కంటికి పెట్టుకునే భూతద్దంతో ఒకసారి చూడు. మొదట నీ చూపు పడేది బ్యాలెన్స్ వీల్ మీదే, ఇందాక చెప్పిన ఊగే చక్రం ఇదే, ఎందుకంటే లోపల చురుగ్గా కదిలేది అదే. ఇత్తడి రంగు వలయం అటూ ఇటూ ఊగుతుంటే, దాని మధ్యలో తలవెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగ్ ఊపు ఊపుకీ విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటుంది. ఈ స్ప్రింగును 1675లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ గడియారంలో పెట్టించాకే, జేబు గడియారాలు రోజుకు గంటల లెక్కన తప్పడం మాని నిమిషాల లెక్కలోకి వచ్చాయి. ఆ చక్రం పక్కన ప్యాలెట్ ఫోర్క్ అనే చిన్న భాగానికి రెండు చేతులు, వాటి కొసల్లో రెండు ఎర్రని రాళ్లు కనబడతాయి. ఎస్కేప్ వీల్ అనే పళ్ల చక్రం పన్ను ఒకటి వచ్చి రాయికి తగిలి ఆగుతుంది. బ్యాలెన్స్ తిరిగి వస్తూ ఫోర్కును తోయగానే రాయి తప్పుకుంటుంది, పన్ను జారిపోతుంది, జారిపోతూనే ఆ రాయిని తోసి బ్యాలెన్స్‌కు కొంచెం ఊపు అందిస్తుంది. మళ్లీ అవతలి రాయి ఇంకో పన్నును ఆపుతుంది. నువ్వు చెవి దగ్గర పెట్టుకుని వినే టిక్కు టిక్కు ఈ తాకిళ్లదే. పాత వాచీల్లో ఇది సెకనుకు ఐదుసార్లు జరిగితే, ఇప్పటివాటిలో చాలావరకు ఎనిమిదిసార్లు, అంటే రోజుకు 6,91,200 సార్లు జరుగుతుంది.

డయల్ మీద 17 జ్యువెల్స్ అని రాసి ఉంటే లోపల రత్నాలున్నాయని మురిసిపోకు. అవి కృత్రిమంగా తయారుచేసిన కెంపులు, వాటి వెల స్వల్పం. గట్టిగా, నునుపుగా ఉంటాయి గనుక ఇరుసులు అరిగిపోకుండా వాటిని బేరింగులుగా వాడతారు. కీ ఇచ్చే సాదా వాచీకి 17 సరిపోతాయి. మరొక సంగతి కూడా తెలుసుకో. ఎండకు, చలికి స్ప్రింగు బిగువు మారిపోయి వాచీ తప్పడం ఒకప్పుడు పెద్ద తలనొప్పి. వేడిమికి పెద్దగా మారని నికెల్ ఉక్కు మిశ్రమాలను కనిపెట్టిన షార్ల్ ఎద్వార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. వాటిలో ఎలిన్‌వార్ అనే మిశ్రమం హెయిర్‌స్ప్రింగుల రాత మార్చేసింది. చేతి మీది ఇంత చిన్న వస్తువు వెంట పడితే ఎంత దూరం వెళ్తామో చూశావా!

చరిత్ర విషయంలో నిన్ను ఎక్కువ తొందరపెట్టను. కట్టుకున్న వాచీ నుంచే అది తనంతట తాను తెరుచుకుంటుంది. గాలిలో ఎగురుతూ జేబులోంచి గడియారం తీసి చూడడం కుదరదని బ్రెజిల్ వైమానికుడు ఆల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్ మొరపెట్టుకుంటే, పారిస్ నగల వ్యాపారి లూయీ కార్టియే ఆయన కోసం 1904లో చేతి గడియారం చేయించాడు. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో సైనికులకూ ఇదే అవసరం పడి, అప్పటిదాకా ఆడవాళ్ల నగగా చూసిన వస్తువు మగవాళ్ల ముంజేతికి ఎక్కింది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 వ్యోమనౌక దెబ్బతిన్నప్పుడు, దారి సరిచేసుకోవడానికి ఇంజన్ మండించిన 14 సెకన్లను వ్యోమగాములు కొలుచుకున్నది ఒమేగా స్పీడ్‌మాస్టర్ వాచీతోనే, అదీ చేత్తో కీ ఇచ్చేదే.

కొందరు మెకానికల్ రుచి తెలియగానే, బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలను చులకన చేస్తారు. ఆ గుంపులో చేరకు. సీకో కంపెనీ 1969 డిసెంబరు 25న ఆస్ట్రాన్ పేరుతో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టాక ఎన్నో పాత కంపెనీలు మూతపడిన మాట నిజమే గానీ, ఆ యంత్రంలోని ఆలోచన ఎంతో అందమైనది. ఇప్పటి క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అదే సంఖ్య ఎందుకంటే, దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది, ఆ ఒక్క స్పందనే సెకన్ల ముల్లును కదిలిస్తుంది. మెకానికల్ వాచీ ఒక్కరోజులో తప్పేంత తేడా రావడానికి దీనికి వారాలు పడుతుంది.

ఏడాది గడిచి రెండో వాచీ కొనే వేళకు పనికొచ్చే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. డయల్ వెడల్పు మాత్రమే చూసి కొనవద్దు. పట్టీ తగిలించే కొమ్ముల ఈ చివర నుంచి ఆ చివర వరకు ఉన్న పొడవు నీ మణికట్టు దాటి బయటికి వస్తే, ఎంత మంచి వాచీ అయినా చేతికి ఒదగదు. 40 మిల్లీమీటర్లు దాటినవి నాకు పెద్దగా నచ్చవు, అది నా ఇష్టం, నువ్వు పాటించనక్కరలేదు. 30 మీటర్లు అని రాసి ఉంటే అంత లోతు దాకా పనిచేస్తుందని అర్థం చేసుకోకు. చేతులు కడుక్కుంటే పడే తుంపరలకు ఓర్చుకుంటుందని మాత్రమే అనుకో. ఈతకు 100 మీటర్లైనా ఉండాలి, అదీ లోపలి రబ్బరు వలయాలు బాగున్నంత కాలమే. తారీఖు ఉన్న వాచీలో రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున మూడుకీ మధ్య కీ మరతో తారీఖు మార్చవద్దు. ఆ వేళలో తారీఖు చక్రాన్ని నెట్టే పన్ను దాని పళ్లలోకి దిగి ఉంటుంది, బలవంతం చేస్తే విరుగుతుంది.

పాతవి కొనాలనే కోరిక నీకు తప్పక కలుగుతుంది. అప్పుడు వాచీ కంటే ముందు డయల్ అక్షరాలను భూతద్దంలో చదువు. మళ్లీ రంగు వేసిన డయల్ మీద గీతల అంచులు అలుక్కుపోయి, సెకన్ల గుర్తులు ఎడంగానో దగ్గరగానో కనబడతాయి. కొమ్ముల అంచులు గుండ్రంగా కరిగిపోయినట్టుంటే, ఎన్నోసార్లు పాలిష్ పట్టారన్నమాట. వీటన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది రేడియం గురించి. గత శతాబ్దపు మొదటి సగంలో చీకట్లో మెరిసే అంకెలకు రేడియం కలిపిన రంగు వాడేవారు, ఆ రంగు వేసిన కార్మికుల్లో ఎంతోమంది దానికి బలయ్యారు. ఇప్పుడు ఆ అంకెలు మెరవడం లేదు గదా, ప్రమాదం పోయిందనుకోవడం పొరపాటు. మెరిసే పదార్థమే అలసిపోయింది గానీ, రేడియం సగం తగ్గడానికే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి వాచీని ఇంట్లో విప్పకు, అంకెల మీది పొడిని గోకకు, చిన్నపిల్లలకు అందకుండా ఉంచు, ఏదైనా పని పడితే దాని గురించి తెలిసినవారి చేతే చేయించు.

మెకానికల్ వాచీని నాలుగైదేళ్లకోసారి విప్పించి, శుభ్రం చేయించి, కొత్త నూనె వేయించాలి. ఆ ఖర్చును కొనేరోజునే లెక్కలోకి తీసుకో. పనిచేసేవారు ఒప్పుకుంటే పక్కన కూర్చుని చూడు, మధ్యమధ్యలో ప్రశ్నలు వేసి వారి చేతిని మాత్రం ఆపకు.

నా దగ్గర చిన్న సైజు కీ వాచీ ఒకటి ఊరికే ఉంది. సర్వీసు చేయించి పంపుతాను, పట్టీ వెడల్పు 18 మిల్లీమీటర్లు. టేపుతో నీ మణికట్టు చుట్టుకొలత తీసి రాశావంటే, సరిపడే పట్టీ కూడా వేయించి పంపుతాను. మొదటి నెల లెక్కలు పూర్తవగానే నోటుపుస్తకం పేజీలు ఫొటో తీసి పంపు. రాత్రి ఏ భంగిమలో ఉంచావో ప్రతి అంకె పక్కనా రాయడం మరచిపోకు.

ఇట్లు,
నీ పెదనాన్న