నట్టల మందు ఒక్కసారి వేస్తే చాలదు

ప్రశ్న: మా కుక్క పిల్లలు పెట్టి ఐదు వారాలైంది. నాలుగు పిల్లలకూ పొట్ట కుండలా ఉబ్బింది. వారం కిందట సిరప్ వేస్తే ఉడికిన సేమియా లాంటి పురుగులు పడ్డాయి. నిన్న ఒక పిల్ల మళ్లీ అవే కక్కింది. మందు నకిలీదా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మందును అనుమానించకండి. అవి ఏలికపాములు, తల్లి నుంచి వచ్చినవే. తల్లి కండరాల్లో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండే లార్వాలు చూలు ఆరు వారాలు దాటాక కదిలి, మాయ గుండా పిల్లల్లోకి పోతాయి. పుట్టాక పాలతోనూ వస్తాయి. పిల్ల ఊపిరితిత్తుల్లోంచి దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగినప్పుడు పేగులోకి దిగుతాయి. మీరు వేసిన సిరప్ పేగులో ఉన్నవాటినే పడగొడుతుంది. ఆ రోజు ఊపిరితిత్తుల్లో ఉన్నవి తర్వాత దిగి పెరుగుతాయి. అందుకే 2, 4, 6, 8 వారాల వయసులో వరసగా వేయాలి. ఆ తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. మీ పిల్లలకు ఇక వచ్చే వారం వేయండి. అదే రోజు తల్లికీ వేయాలి. చాలా ఇళ్లలో తల్లిని మరిచిపోతారు. పిల్లల మలం నాకి శుభ్రం చేసేది అదే కదా!

మోతాదు కంటి అంచనాతో వద్దు. వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి ఒక్కో పిల్లను విడిగా తూచండి. ఏలికపాములను పడగొట్టే మందు పైరాంటెల్ కిలో బరువుకు 5 మి.గ్రా. కావాలి. సీసా మీద ‘పైరాంటెల్ పామోయేట్ 14.4 మి.గ్రా.’ అని ఉంటే అందులో అసలు పైరాంటెల్ 5 మి.గ్రా.లే. లెక్క ఇక్కడే తప్పుతుంటారు. మిల్లీలీటరుకు అంత మందున్న సిరప్ అయితే కిలోకు 1 మి.లీ. చొప్పున, 1.6 కిలోల పిల్లకు 1.6 మి.లీ. సీసాను బాగా కుదపండి. మందు అడుగున పేరుకుంటే పైనున్న నీళ్లే పడతాయి. సూది తీసేసిన సిరంజిని చెంప పక్కనుంచి పెట్టి కొద్దికొద్దిగా వదలండి. తల వెనక్కి వంచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పిల్ల కక్కుతూనే ఉండి, పాలు మానేసి, పొట్ట గట్టిపడితే ఇంకో మోతాదు వేయకండి. పురుగులు ఉండచుట్టి పేగుకు అడ్డం పడి ఉండొచ్చు. వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: వీధిలో దొరికిన రెండు నెలల పిల్ల. పురుగులేవీ కనపడలేదు కానీ మలం తారులా నల్లగా ఉంది, ఎప్పుడూ పడుకునే ఉంటోంది.
– పాఠకుడు, సిద్దిపేట

జవాబు: పై పెదవి ఎత్తి చిగురు చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. సుద్దలా తెల్లగా ఉంటే ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయినట్టే. కొంకి పురుగుల మీదే మొదటి అనుమానం. దారప్పోగంత సన్నగా, సెంటీమీటరుకు కాస్త అటూఇటూ ఉండి, పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి. అందుకే మలంలో పెద్దగా కనిపించవు. ఆ నలుపు అరిగిన రక్తం. ఇంట్లో మందు వేసి రేపటిదాకా చూడకండి, ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తం ఎక్కించాల్సి రావచ్చు. పార్వో (కుక్కపిల్లల పేగును దెబ్బతీసే వైరస్) జబ్బు కూడా కావచ్చు, అదీ పరీక్షిస్తారు. తాజా మలం చిన్న డబ్బాలో పట్టుకెళ్లండి. చిక్కటి ఉప్పు ద్రావణంలో కలిపితే పురుగు గుడ్లు పైకి తేలుతాయి, మైక్రోస్కోప్‌లో దొరికిపోతాయి.

ప్రశ్న: తోక కింద దోసగింజల్లాంటివి కదులుతున్నాయి. మాత్ర వేస్తే పోయి, నెలకే మళ్లీ వస్తున్నాయి.
– పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అవి బద్దెపురుగు ముక్కలు. ప్రాజిక్వాంటెల్ (కిలోకు 5 మి.గ్రా.) వాటిని చంపుతుంది. కానీ ఆ పురుగు లార్వా ఉండేది వెంట్రుకల్లో గెంతే ఫ్లీల కడుపులో. కుక్క వాటిని కొరికి మింగిన రెండు మూడు వారాలకు కథ మొదటికొస్తుంది. మాత్ర వేసిన రోజే ఫ్లీల మందు కూడా వేయండి, పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి. గొర్రె కాలేయం, ఊపిరితిత్తులు పచ్చివి పెట్టే అలవాటుంటే మానండి. వాటిలోని నీటితిత్తుల నుంచి కుక్కకు ఇంకో రకం బద్దెపురుగు పడుతుంది. దాని గుడ్లు మనుషుల కడుపులోకి పోతే కాలేయంలో తిత్తులు కడతాయి.

ప్రశ్న: పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేయవచ్చా? వెల్లుల్లి పెడితే పోతాయా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: రెండూ వద్దు. ఆ ఇంజెక్షన్ పశువుల బరువుకు తగ్గ గాఢతలో ఉంటుంది, చిన్న పొరపాటుకే కుక్కకు పెద్ద మోతాదు పడుతుంది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి మెదడు మీద పనిచేసి ప్రాణం మీదికి తెస్తుంది. వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది.

ప్రశ్న: ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు. రోజూ ఫినాయిల్‌తో కడిగితే సరిపోతుందా?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఫినాయిల్‌కు ఏలికపాము గుడ్లు చావవు, మట్టిలో ఏళ్లపాటు బతుకుతాయి. అయితే మలంలో పడిన గుడ్డు అంటించే స్థితికి రావడానికి రెండు వారాలైనా పడుతుంది. కాబట్టి ఏ రోజు మలం ఆ రోజే ఎత్తేయండి. కొంకి పురుగు లార్వా అంత ఆగదు, వారంలోపే సిద్ధమవుతుంది. సిమెంటు నేల మీద మరిగే నీళ్లు పోయండి. బాబును చెప్పుల్లేకుండా ఆ మట్టిలో తిరగనివ్వకండి, ఆ లార్వా చర్మంలోంచే దూరుతుంది. అన్నం ముందు చేతులు సబ్బుతో కడిగించండి, గోళ్లు కురచగా కత్తిరించండి.