కడిగి దాచేవాళ్ల మీదే నా కోపం

"నాటుకోడి గుడ్లు తెచ్చాక కడిగి ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచితే పాడవవా?" అని కదా ప్రశ్న. కడక్కండి. మాది పెందుర్తి వైపు, పెరట్లో కోళ్లు ఎప్పుడూ తిరుగుతుంటాయి, కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు. పొదిగే పెట్ట కింద గుడ్డు 21 రోజులు వేడిలో ఉంటుంది. ఆ వేడికి పాలైతే పూటలో విరిగిపోతాయి.

గుడ్డు అలా చెడకపోవడానికి కారణం చూడాలంటే గుడ్ల కోడిని కోసేటప్పుడు చికెన్ షాపు దగ్గర నిలబడాలి. గోపాలపట్నంలో ఓ ఆదివారం షాపతను పొట్ట కోసి అంతా తీసి పారేయబోతుంటే ఆపించాను. ఆవగింజంత నుంచి నిమ్మకాయంత దాకా పచ్చసొనలు, పక్కన ముడతలు ముడతలుగా లేత గులాబీ రంగు గొట్టం. గుడ్డు తయారయ్యేది ఆ గొట్టంలోనే, కోడికి ఎడమవైపుది ఒక్కటే పనిచేస్తుంది. అడుగున పెంకు ఇంకా గట్టిపడని గుడ్డు, వేలితో నొక్కితే సొట్టపడింది. "అదే రుచి సార్, పారేయకండి" అన్నాడు, ఇంతకుముందు పారేయబోయినవాడే!

ఆ గొట్టంలో దాదాపు మూడు గంటలు తెల్లసొన చుట్టుకుంటుంది, తర్వాత పొర, ఆపైన ఇంచుమించు 20 గంటలు పెంకు. బయటికొచ్చే దారి మాత్రం రెట్ట వచ్చేదే. కింది నుంచి బ్యాక్టీరియా ఎదురెక్కకుండా గొట్టం లోపలి కణాలే డిఫెన్సిన్లనే చిన్న ప్రోటీన్లు వదులుతాయి, రోగనిరోధక కణాలూ కాపలా ఉంటాయి. తెల్లసొనలో లైసోజైమ్ అనే ఎంజైమ్ చేరుతుంది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ అంతకంటే ముందే, 1922లో బయటపెట్టింది దీన్నే. బ్యాక్టీరియా గోడను ఇది తెగ్గొడుతుంది. గుడ్ల ద్వారా మనకి విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకి పైన ఇంకో పొర ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా లొంగదు. దానికి కావలసిన ఇనుము దొరక్కుండా ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే మరో ప్రోటీన్ పట్టేసుకుంటుంది.

ఇంత చేసి, పెంకు మీద పల్చటి పూత కూడా వేసి పెట్ట పంపిస్తే, మా వీధిలో ఒకావిడ స్క్రబ్బర్‌తో సబ్బునీళ్లలో తోముతుంది! పూత పోయి పెంకులోని సన్న రంధ్రాలు తెరుచుకుంటాయి. చల్లనీళ్లలో ముంచితే లోపలిది కుదించుకుని మురికినీటిని లోపలికి పీల్చుకుంటుంది. చెబితే, "మీకు శుభ్రం తెలీదు" అని నాకే క్లాసు.

కోడి తుమ్మితే మనుషుల యాంటీబయాటిక్ మాత్ర నీళ్లలో కలిపేవాళ్లు ఇంకో రకం. ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే కోళ్ల శ్వాస జబ్బు అయితే అది వైరస్ వల్ల వచ్చేది, మాత్రకి లొంగదు. గుడ్డు గొట్టం దెబ్బతిని తెల్లసొన నీళ్లలా, పెంకు వంకరగా వస్తుంది. దానికి ముందే టీకా వేయించాలి.

మట్టి ఉంటే పొడిగుడ్డతో తుడవండి. ఫ్రిజ్ మీ ఇష్టం, కానీ పెట్టాక మాటిమాటికీ బయటికి తీయకండి, మన విశాఖ ఉక్కకి పెంకు చెమర్చి తడిసిపోతుంది. సాల్మొనెల్లా ఒక్కోసారి పెట్ట కడుపులోనే గుడ్డులోకి చేరుతుంది, అందుకే మా బావమరిది ఎంత బతిమాలినా మా ఇంట్లో హాఫ్ బాయిల్ వేయం.