నానమ్మ కథ రాస్తున్న అమ్మాయికి

కందుకూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ, దానితో పాటు నువ్వు రాసిన ఉత్తరం రెండూ అందాయి. రెండింటినీ ఒకదాని వెంట ఒకటి చదివాక నాకు తోచినది ముందే చెబుతాను: కథలో ఉండవలసింది ఉత్తరంలో ఉండిపోయింది. కథలో మీ నానమ్మ కనిగిరి దగ్గరి పల్లెలో పుట్టి, మీ తాతయ్యను చేసుకోబోయే ముందు జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొంది, కరువు ఏళ్లలో పొలం పోగొట్టుకుని ఒంగోలు చేరి, పొగాకు కంపెనీలో గ్రేడింగ్ పని చేసి పిల్లల్ని పెంచి, రోజూ జపమాల చెప్పుకుంటూ, చివరకు పెదవుల మీద చిరునవ్వుతో ప్రభువులో నిద్రించింది. ఉత్తరంలో మాత్రం, ఇవి కథకు పనికిరావనుకుంటానంటూ, చివరి రెండేళ్లు ఆమె జపమాల ముట్టలేదని, గురువులు (చర్చి ఫాదర్లు) దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, ఇంటికి తెస్తే గోడవైపు తిరిగి పడుకునేదని, తనకు ఒళ్లు తుడిచి అన్నం తినిపించిన చిన్నకోడలిని ఆఖరిదాకా మాటలతో పొడుస్తూనే ఉండేదని రాశావు. కథ చదివినప్పుడు మీ నానమ్మ మీద గౌరవం కలిగింది. ఉత్తరం చదివాకే ఆమె ఎవరో తెలుసుకోవాలనిపించింది.

వాటిని నువ్వు ఎందుకు పక్కన పెట్టావో ఊహించగలను. మన విచారణల్లో, అంటే ఒక్కో చర్చి కింద ఉండే సంఘాల్లో, చనిపోయినవాళ్ల గురించి మాట్లాడే తీరు ఒకటి స్థిరపడిపోయింది. సంవత్సరీకపు పూజలో గాని, నవంబరు 2వ తేదీన సమాధులకు సున్నం కొట్టి కొవ్వొత్తులు వెలిగించినప్పుడు గాని ఎవరూ పోయినవాళ్ల లోపాలు ఎత్తరు. అది మర్యాద, అక్కడ అదే సబబు. దానికి తోడు, ఊళ్లో నాలుగిళ్లుగా బతికినవాళ్లకు మరొక భయం ఉంటుంది: మన ఇంటి మాట మనమే బయటపెడితే పదిమందిలో అలుసైపోతామని. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. అయితే కథ చదివే మనిషి సమాధి దగ్గరకు వచ్చిన బంధువు కాడు. అతనికి మీ నానమ్మతో ఏ మొహమాటమూ లేదు, ఆమెను నమ్మవలసిన అవసరమూ లేదు.

ఒకరిని పునీతులుగా (సెయింట్‌గా) ప్రకటించే ముందు శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, ఏం చేస్తుందో గమనించు. మరణించాక మామూలుగా అయిదేళ్లు గడిస్తేగాని దర్యాప్తు మొదలుపెట్టరు. దైవసేవకులన్న మెట్టు నుంచి ధన్యులు, పునీతులు అన్న మెట్లకు చేరడానికి దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు పడుతుంది. 1587లో అయిదవ సిక్స్‌తుస్ పోపుగారు, ప్రతిపాదించిన వ్యక్తికి వ్యతిరేకంగా ఉన్న ప్రతి సాక్ష్యాన్నీ వెతికి ముందుపెట్టడమే పనిగా ఒక అధికారిని ఏర్పాటు చేశారు. జనం ఆయనకు సైతాను తరఫు వకీలని పేరు పెట్టుకున్నారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1983లో ఈ పద్ధతిని సంస్కరించి ఆ వకీలు పాత్రను బాగా తగ్గించినా, ఎదురు సాక్ష్యం వినడం మానలేదు. మదర్ తెరెసా విషయంలో ఆమెను అందరికన్నా తీవ్రంగా తిట్టిపోసిన రచయిత క్రిస్టొఫర్ హిచెన్స్‌ను కూడా పిలిచి ఆయన చెప్పినది నమోదు చేసుకున్నారు. ఆయన దేవుణ్ణే నమ్మేవాడు కాదు. అయినా ఆయన మాట లేకుండా ఆమె ఫైలు పూర్తికాదని అనుకున్నారు చూడు, ఆ పట్టుదల రచయితకు కావాలి. నీ కథలో అటువంటి వకీలు ఎక్కడా నోరు విప్పడు. చిన్నకోడలు ఆ పని చేయగలదు, కానీ నువ్వు ఆమె చేత గ్లాసు నీళ్లు తెప్పించి పంపించేశావు.

చిన్న తెరేజమ్మ గారి పటం మీ నానమ్మ ఇంట్లో ఉండేదని రాశావు గనుక ఆమె సంగతి కాస్త వివరంగా చెబుతాను. ఫ్రాన్స్‌లోని లిసియూ మఠంలో ఆమె క్షయతో 1897 సెప్టెంబరు 30న, ఇరవై నాలుగేళ్ల వయసులో చనిపోయింది. మరుసటి ఏడే ఆమె రాతలు అచ్చయ్యాయి. వాటిని సిద్ధం చేసినది అదే మఠంలో ఉన్న ఆమె సొంత అక్క. ఆ అక్క చెల్లెలి మాటలను వేల చోట్ల దిద్దింది, నునుపు చేసింది, మఠానికి ఇబ్బంది అనుకున్నవి తీసేసింది. ప్రేమతోనే చేసింది, నువ్వు చేసినట్టే. ఆ పుస్తకం లోకమంతా తిరిగింది, 1925లో తెరేజమ్మ గారు పునీతురాలయ్యారు. అసలు నోటుపుస్తకాలు ఉన్నవి ఉన్నట్టుగా 1956లోగాని బయటకు రాలేదు. వాటితో ఆమె మీద గౌరవం తగ్గకపోగా, చివరి ఏడాదిన్నర ఆమె పడిన వేదనను పాఠకులు ఆమె సొంత మాటల్లో, ఏ దిద్దుబాటూ లేకుండా చదవగలిగారు. 1896 పాస్కా (ఈస్టరు) పండుగ నాళ్ల నుంచి పరలోకమన్నది ఉందా లేదా అన్న చీకటిలో ఆమె బతికింది. ఆ చీకటి చావుదాకా పూర్తిగా వీడలేదు. ఆ స్థితిలోనే ప్రార్థించింది, తోటి మఠకన్యలతో నవ్వింది, దగ్గి దగ్గి రక్తం కక్కింది. మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో బయటకు వచ్చినప్పుడు కూడా పత్రికలవాళ్లు ఆశ్చర్యపోయారు గాని, పునీతుల జీవితాలు చదివినవాళ్లకు అది కొత్త సంగతి కాదు.

మీ నానమ్మ గోడవైపు తిరగడం కూడా ఇదేనని నేను అనడం లేదు. ఆమె అలిగి ఉండవచ్చు; నీ ఉత్తరంలో ఒక మూల ప్రస్తావించిన కొడుకు చావును దేవుడి లెక్కలో రాసుకుని ఉండవచ్చు; వయసు మీద పడి జపాలు మరిచిపోయి, మరిచిపోయినట్టు చెప్పుకోవడానికి సిగ్గుపడి ఉండవచ్చు. వీటిలో ఒకదాన్ని ఎంచుకుని కారణంగా ప్రకటించే తొందర నీకు వస్తుంది. ఆపుకో. ఆమె ఏం చేసిందో, గురువులు ఆ మంచం పక్కన ఎంతసేపు కూర్చున్నారో, లేచి వెళుతూ మీ నాన్నతో ఏమన్నారో రాయి. ఇంతటితో ఆమెను దుమ్మెత్తిపోయమని అర్థం చేసుకోవద్దు. భక్తి అంటే కపటమేనని ముందే తీర్మానించుకుని రాసే కథలు ఈ మధ్య చాలా చూస్తున్నాను. వాటిలోనూ వకీలు ఒక్కడే ఉంటాడు, అవతలి పక్షం వాడు మాత్రమే. జీవితమంతా కోడలిని పొడిచిన మనిషే కరువులో ఎవరో పక్కింటి బాలింతకు తన వాటా జొన్నలు కొలిచి ఇచ్చిందని నువ్వు రాసిన చోట నేను ఆగి మళ్లీ చదివాను. ఆ రెండూ ఒకే చేతులు చేసిన పనులని పాఠకుడికి కనబడితే చాలు.

ఇక మారడం గురించి. నీ కథలో నానమ్మ సిలువ దగ్గర మోకరించగానే గుండెలో వెలుగు నిండింది, ఆ పేరాతో ఆ ప్రకరణం అయిపోయింది. పునీత అగస్తీను గారి మార్పు కన్నా పేరున్న మార్పు మరొకటి లేదు. 386లో మిలాను నగరపు తోటలో ఏడ్చి, మరుసటి ఏడు పాస్కా జాగరణ రాత్రి అంబ్రోసు పీఠాధిపతుల (బిషప్పు గారి) చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందాడు. పదేళ్ల తరవాత, తానే పీఠాధిపతి అయి ఆత్మకథ రాస్తూ, ఆ ఘట్టంతో ఆపలేదు. ఆ తరవాత ఒక భాగమంతా తనను ఇంకా వదలని కలలు, తిండి మీద ఆశ, పొగడ్తల మీద మోజు గురించి రాసుకున్నాడు. జ్ఞానస్నానం నాటి వెలుగు ఒక్క వాక్యంలో చెప్పి, ఆ మర్నాడు మీ నానమ్మ పుట్టింటివాళ్ల గంగమ్మ జాతరకు వెళ్లిందా లేదా, వెళితే ప్రసాదం ముట్టిందా లేదా అన్నది రెండు పేజీల్లో రాయి.

మన ప్రాంతంలో ఈ విషయం రాసేవాళ్లను మరొక ప్రశ్న పట్టి లాగుతుంది: వీళ్లు దేవుడి కోసం మారారా, గంజి కోసం మారారా? ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించాడు. ఆ సహాయం సాగినంతకాలం, కూటి కోసం వస్తున్నారేమోనన్న శంకతో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరకు రానివ్వని మనిషిని నువ్వు దేవుడి బిడ్డవని ఒకరు పిలిస్తే, అందులో ఆత్మ పాలెంత, ఆత్మగౌరవం పాలెంత, ఆకలి పాలెంత అని తూకం వేయగలిగినవాడు ఎవడు? కతోలికుల సంగతీ ఇంతే. ఇంగ్లండుకు చెందిన మిల్ హిల్ మిషనరీ సంస్థ గురువులు 1875 తరవాత ఈ తెలుగు జిల్లాలకు వచ్చి తిరిగిన పల్లెలు, 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం (పీఠాధిపతి పాలన కింది ప్రాంతం) కిందికి వచ్చిన పల్లెలు చాలామటుకు ఆ ఎండిన పొలాల మధ్యవే. (మా కందుకూరు ఏ జిల్లాలోకి మారినా, పీఠాధిపతుల లెక్కలో మేము నెల్లూరువాళ్లమే.) పెళ్లి కోసం మారిన మీ నానమ్మ విశ్వాసం అందుకే తక్కువదని నువ్వు అనుకుంటున్నట్టున్నావు, లేకపోతే ఆ పెళ్లిని అంత హడావిడిగా దాటించవు. పెళ్లి కారణంగా వచ్చి యాభై ఏళ్లు నిలబడిన విశ్వాసం గురించి రాయడం, తోటలో ఏడ్చిన విశ్వాసం గురించి రాయడం కన్నా కష్టం.

దీనికి నీకు సాయపడేది మీ విచారణ కార్యాలయంలోని జ్ఞానస్నానపు రిజిస్టరు. అందులో తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. తరవాత జరిగిన భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం), వివాహం వివరాలు కూడా అదే పేరు పక్కన ఎక్కిస్తారు. విచారణ గురువులను అడిగి ఆమె పేరున్న పేజీ చూడు. తరవాత ఇంట్లో ఉన్న ఆమె రేషను కార్డు, కుల ధ్రువపత్రం తీసి పక్కన పెట్టుకో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తరవాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు తప్ప షెడ్యూల్డు కులపు హోదా దక్కదు. క్రైస్తవంలోకి మారినవాళ్లను మన రాష్ట్రం బీసీ–సీలో చేర్చింది. గుడిలో ఒక పేరు, బడిలో మరొక పేరు మన ఇళ్లలో ఎందుకు ఉన్నాయో నీకు తెలియనిది కాదు. నీ కథలో అది లేదు. తీర్పులు చెప్పకుండా, ఏ కాగితం మీద ఏ పేరు ఉందో అదే రాయి. 1745లో జ్ఞానస్నానం పొంది ఏడేళ్లకు కాల్చి చంపబడిన తిరువిదాంకూరు (ట్రావెన్‌కోర్) దేవసహాయం గారిని 2022 మే 15న పునీతులుగా ప్రకటించే ముందు, ఆయన పేరు చివరి కులనామాన్ని రోము తీసేసింది. కులాన్ని పేరులోంచి తీసేయడం సులువు, సమాధుల తోటలో మాత్రం అది ఎక్కడ పడుకోవాలో ఇంకా చెబుతూనే ఉంది.

కొన్ని చోట్ల నువ్వు ఆచారాన్ని సరిగా కనుక్కోలేదు. బాప్టిస్టు ఇంట పుట్టి, నీళ్లలో మునిగి, త్రిత్వ నామమున బాప్తిస్మం తీసుకున్న మీ తాతయ్యకు గురువులు మళ్లీ జ్ఞానస్నానం ఇచ్చినట్టు రాశావు. ఆ స్నానాన్ని శ్రీసభ చెల్లుబాటుగానే ఎంచుతుంది, విశ్వాస ప్రకటన చేయించి చేర్చుకుంటుంది; పూర్వం సందేహం ఉన్నప్పుడు షరతు మీద ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి గనుక అది కూడా రిజిస్టరులోనే చూడు. ఇంతకన్నా పెద్దది చివరి దృశ్యం. నానమ్మ ప్రాణం పోయిన గంటకు గురువులు వచ్చి తైలంతో అభ్యంగనం చేసినట్టు రాశావు. సంస్కారాలు బతికున్నవాళ్లకు ఇచ్చేవి. ప్రాణం పోయిందని నిశ్చయంగా తెలిశాక ప్రార్థనలే ఉంటాయి, తైలం ఉండదు. నిజానికి ఆ రోజు ఏం జరిగిందని నీ ఉత్తరాన్ని మళ్లీ చూశాను: గురువులకు ఫోను చేయాలా వద్దా అని మీ నాన్న, బాబాయి వాకిట్లో వాదులాడుకున్నారని, ఆమె వద్దంటుందని ఒకరు, అడగకుండానే పిలవాలని ఒకరు అన్నారని, ఈలోగా లోపలినుంచి చిన్నకోడలు కేక వేసిందని రాశావు. ఆ వాదన కథలో పూర్తిగా ఉండాలి. నమ్మకం ఉన్న ఇంట్లో చావు ఎలా ఉంటుందో నీ చిరునవ్వు పేరా చెప్పలేకపోయినది అందులో ఉంది. ఆ చిరునవ్వు తీసెయ్యి. ఒకవేళ నిజంగానే నవ్విందంటే, అది చూసినవాళ్లు ఎవరో చెప్పి ఉంచు.

భాష విషయంలో ఒకటే మాట. ప్రసంగపీఠం మీది వాక్యాలు నీ కథనంలోకి ఎక్కడపడితే అక్కడ దిగివస్తున్నాయి. ఉపదేశి (ఊళ్లో మతబోధ చేసేవాడు) నోట అవి బాగుంటాయి, అతని మాటల్లోనే ఉంచు. నానమ్మ మాట్లాడేటప్పుడు కనిగిరి యాస చక్కగా పలికించావు, అది చెడగొట్టవద్దు.

మళ్లీ రాయడం చిన్నకోడలితో, అంటే మీ పిన్నితో మొదలుపెట్టు. ఆమె ఇంకా అదే ఇంట్లో ఉందన్నావు గదా. వెళ్లి కూర్చుని, రెండేళ్లూ ఏం పెట్టింది, ఎన్నింటికి లేచేది, తిట్లు పడ్డ రోజు ఏం చేసేదీ అడుగు. నానమ్మ మంచిదేనా అని మాత్రం అడగకు. రాసినది ఎక్కడికీ పంపకముందే ఆమెకు చదివి వినిపించు. ఆమె వద్దన్న మాట ఎంత బాగున్నా కొట్టెయ్యి, మొత్తమే వద్దంటే కథను నీ దగ్గరే ఉంచుకో. ఒప్పుకుంటే తపస్సుకాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) మొదలయ్యేలోగా నాకు పంపు, ఆ రోజుల్లో సాయంత్రాలు సిలువ మార్గం ప్రార్థనకు వెళ్లాలి, చదవడానికి తీరిక దొరకదు.

మీ అమ్మానాన్నలకు నా నమస్కారాలు తెలియజేయి.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ మాష్టారు