'ఒక శకం ముగిసింది' అని రాసిన చిరంజీవికి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

శ్రీకాకుళం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. బీబీసీలో ఏళ్ల తరబడి నడుస్తున్న 'క్యూఐ' అనే హాస్య క్విజ్ కార్యక్రమం నుంచి వ్యాఖ్యాత స్టీఫెన్ ఫ్రై తప్పుకోవడం, ఆయన స్థానంలోకి శాండీ టాక్స్‌విగ్ అనే ఆవిడ రావడం నీ విషయం. దానికి నువ్వు రాసిన మొదటి వాక్యం, 'ఒక శకం ముగిసింది.' అది చదవగానే కాగితాలు మడిచి పక్కన పెట్టాను. మధ్యాహ్నం భోజనమయ్యేదాకా మళ్లీ ముట్టుకోలేదు. పంచాంగం తెరిస్తే శాలివాహన శకం ఇప్పటికీ నడుస్తూనే ఉంది బాబూ, టీవీ గురించి రాసేవాళ్లకు మాత్రం వారానికొకటి ముగిసిపోతోంది.

ఆ కార్యక్రమం 2003లో మొదలైంది. ఇంగ్లీషు అక్షరమాల ప్రకారం ఒక్కో వరుసకు, అంటే ఒక్కో సీజన్‌కు, ఒక్కో అక్షరం పెట్టుకున్నారు. ఫ్రై 'ఏ' నుంచి 'ఎం' దాకా 13 వరుసలు నడిపాడు, 2016 అక్టోబరులో 'ఎన్' అక్షరంతో టాక్స్‌విగ్ అందుకుంది. ఈ లెక్కంతా నువ్వు సరిగానే రాశావు. అయితే ఫ్రై కోసమే ఆ వ్యాఖ్యాత కుర్చీ పుట్టిందన్నట్టు రాశావు, అక్కడే నీ వ్యాసం కుంటింది. రూపకల్పన దశలో ఆ కుర్చీ హాస్యనటుడు మైఖేల్ పాలిన్‌కు అనుకున్నది. ఫ్రై ఒక జట్టుకూ అలన్ డేవిస్ మరో జట్టుకూ నాయకులుగా ఎదురెదురు కూర్చోవాలని మొదటి ఆలోచన. పాలిన్ వద్దనడంతో పథకమే మారి ఫ్రై మధ్యలోకి వచ్చాడు. ఎవరూ భర్తీ చేయలేరని నువ్వు మూడు పేరాలు కన్నీరు కార్చిన మనిషే, మరొకరు కాదన్న చోటును భర్తీ చేసినవాడు. ఈ ఒక్క సంగతి ముందే వెతికి పట్టుకుని ఉంటే ఆ మూడు పేరాలు నీకు అవసరమయ్యేవి కావు.

నాకొక పట్టింపు ఉంది, పాతికేళ్లుగా వదలడం లేదు. కుర్చీలో మనిషి మారినప్పుడు రాసేవాడు పక్క కుర్చీ వైపు చూడాలి. క్యూఐలో ఆ పక్క కుర్చీ అలన్ డేవిస్‌ది. మొదటి నుంచీ శాశ్వతంగా ఉన్న పోటీదారు అతనొక్కడే. అందరూ నిజమని నమ్మే తప్పు జవాబు నోరు జారి చెప్పగానే సైరన్ మోగుతుంది, ఆ జవాబు వెనక తెర మీద పెద్ద అక్షరాలతో వెలుగుతుంది, మార్కులు పోతాయి. డేవిస్ ఎన్నోసార్లు సున్నా కంటే కిందకు దిగి అట్టడుగున మిగిలాడు. అడిగేవారి తెలివి మనకు కనిపించేది అతని తప్పు వల్లనే. సైరన్ మోగినప్పుడు అతని ముఖం, ఆమదాలవలస బడిలో నల్లబల్ల ముందు నిలబడ్డ నీ ముఖంలా ఉంటుందని ఒక వాక్యం రాశావే, వ్యాసం మొత్తంలో బతికి ఉన్న వాక్యం అదే. దాన్ని తీసుకెళ్లి ఎనిమిదో పేజీ అడుగున దాచావు.

ఈ పట్టింపు నాకు పుస్తకాల వల్ల వచ్చింది కాదు. చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో అమ్మవారి పండగకు బుర్రకథ పెట్టించారు. కథకుడికి గొంతు పూర్తిగా పోవడంతో పక్కన నిలబడి హాస్యం చెప్పే వంత తంబురా భుజానికెత్తుకున్నాడు. యుద్ధఘట్టం మొదలుపెట్టినా జనం అలవాటు కొద్దీ నవ్వుతూనే ఉన్నారు. అతను కంగారు పడలేదు, నెమ్మదిగా కథను లాక్కొచ్చాడు, అర్ధరాత్రికి జనం కళ్లు తుడుచుకున్నారు కూడా. అయినా కథలో ఏదో లోటుగానే ఉంది. అతని పాత చోటులో గుమ్మెట పట్టుకున్న కుర్రవాడికి ఎక్కడ అడ్డు తగలాలో, ఎక్కడ తెలియనట్టు అడగాలో తెలియలేదు. కథకుడి చోటు నిండింది, వంత చోటు ఖాళీ అయింది.

దీని మీద 11 పేజీలు రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు వంతల గురించి ఎవరు చదువుతారని అడిగి, ఏడు పేజీలు కొట్టేసి, ఆ పెద్ద కథకుడి ఫొటో వేసి, పైన 'ముగిసిన శకం' అని పెట్టాడు. పది రోజులకు గొంతు బాగుపడిన ఆ కథకుడు పత్రిక చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, 'బాబూ, నాను బతికే ఉన్నాను గదా' అన్నాడు. ఆయనకు కాఫీ ఇచ్చాను, జవాబు ఇవ్వలేకపోయాను. ఆ సంపాదకుడు తరవాత ఎన్ని ఉత్తరాలు రాసినా నేను మళ్లీ ఆ పత్రికకు రాయలేదు. ఆ శీర్షిక మాత్రం ఆయనతో పోలేదు, నీ దాకా వచ్చింది.

నీ వ్యాసంలో ఒక వాక్యంతో దాటేసిన 'హావ్ ఐ గాట్ న్యూస్ ఫర్ యూ' సంగతి కూడా ఈ దృష్టితో చూడు. వార్తల మీద నడిచే ఆ హాస్య క్విజ్ 1990లో మొదలైంది. దాని నుంచి 2002లో వ్యాఖ్యాత యాంగస్ డేటన్‌ను తప్పించాక శాశ్వత వ్యాఖ్యాతను పెట్టనే లేదు, అతిథులతో నడుపుతున్నారు. డేటన్ లేని మొదటి ఎపిసోడ్‌కు ఆ కుర్చీలో కూర్చున్నది ఒక జట్టు నాయకుడైన పాల్ మెర్టనే. మా హాస్యపు వంత తంబురా ఎత్తుకున్నట్టే కదా! అయితే మెర్టన్ మళ్లీ తన చోటికి వెళ్లిపోయాడు, ఎదురుగా రెండో జట్టు నాయకుడు ఇయాన్ హిస్లప్ ఎప్పటిలాగే ఉన్నాడు, కార్యక్రమం నిలిచింది. మధ్య కుర్చీ ఖాళీగా ఉన్నా నడిచే కార్యక్రమం పక్క కుర్చీలు ఖాళీ అయితే నడుస్తుందా అన్నది నువ్వు రాయవలసిన వ్యాసం.

టాక్స్‌విగ్ గురించి 'కొత్త ముఖం' అన్నావు. ఆమె అంతకుముందే అదే కార్యక్రమంలో పోటీదారుగా కూర్చుంది, 2006 నుంచి 2015 దాకా బీబీసీ రేడియోలో 'ద న్యూస్ క్విజ్' నడిపింది. ఆ మాట కొట్టెయ్.

కలం పేరు గురించి, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించి తరవాత మాట్లాడుకుందాం. ముందు ఫ్రై చివరి ఎపిసోడు, టాక్స్‌విగ్ మొదటి ఎపిసోడు పక్కపక్కన పెట్టుకుని, వాళ్లిద్దరినీ చూడకుండా డేవిస్ ఒక్కడినే చూడు. సైరన్‌కు ముందు ఎంతసేపు ఆగుతున్నాడో, తప్పు చెప్పాక ఎవరి వైపు తిరుగుతున్నాడో కాగితం మీద రాసుకో. దసరా తరవాతి మంగళవారం సిరిమానుకు వస్తావుగా, అది వెంట తీసుకురా. ఆ హాస్యపు వంత ఏటా ఆ రోజు మా అరుగు మీదే కూర్చుంటాడు. ఇప్పుడు కాస్త చెవుడు వచ్చింది, గట్టిగా చదివి వినిపించాలి.

ఇట్లు,
మీ మాస్టారు