డ్యూటీ అప్పగింత మార్చాలనుకుంటున్న సిస్టర్‌కు

అమ్మా, ఆశీస్సులు.

వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సింగ్ ఇన్‌ఛార్జ్‌గా చేరావని, స్టేషన్‌లో కూర్చుని రిజిస్టర్ చదివి డ్యూటీ అప్పగించే పద్ధతిని మాన్పించి మంచం మంచం దగ్గరా హ్యాండోవర్ పెట్టాలనుకుంటే సిబ్బంది ససేమిరా అంటున్నారని రాశావు. సర్క్యులర్ ఇచ్చేయనా అని అడిగావు. ఇప్పుడే వద్దు.

నీ ఆలోచన మంచిదే. వీపు మీది ఎరుపు, సెలైన్ పెట్టిన చోట వాపు రిజిస్టర్‌లో కనిపించవు. ఇద్దరు నర్సులు కలిసి చూస్తేనే తెలుస్తాయి. సిబ్బంది భయమూ సరిగ్గా అక్కడే ఉంది. డ్యూటీ ఎక్కిన సిస్టర్ కంటపడిన ఎర్రమచ్చ, దిగిపోతున్న సిస్టర్ మీద నేరారోపణ అవుతుందేమోనన్న అనుమానం తీరేంతవరకు, పైకి ఎవరూ కాదనకపోయినా, దుప్పటి తీసి చూపించరు. కనుక అప్పగింతలో తామే చూపిన లోపానికి మెమో ఉండదని యాజమాన్యం చేత ముందే రాయించు. మొదటి ఎర్రమచ్చ బయటపడిన రోజున అందరూ నీ ముఖమే చూస్తారు. ఆ రోజు మాట తప్పితే ఇక ఎవరూ నమ్మరు.

రెండో చిక్కు సమయం. ఇరవై మందికి రెండేసి నిమిషాలైనా నలభై నిమిషాలు. రెండు గంటలకు డ్యూటీ దిగి బస్సు అందుకోవలసిన మనిషికి అది తక్కువేమీ కాదు. రెండు షిఫ్టులూ నలభై నిమిషాలు కలిసేలా రోస్టర్ వేసి, దానిని డ్యూటీగానే లెక్కించమని గట్టిగా అడుగు. ఒప్పుకోకపోతే మంచం దిగలేనివారితో, పడక పుండ్ల ముప్పును అంచనా వేసే బ్రేడెన్ స్కేలులో 18 లేదా అంతకన్నా తక్కువ (అంటే ముప్పు ఉన్నట్టు) వచ్చినవారితో మాత్రమే మొదలుపెట్టు.

మనస్తత్వ శాస్త్రవేత్త కుర్ట్ లెవిన్ 1947లో మార్పుకు మూడు దశలు చెప్పాడు: పాత అలవాటును కరిగించడం, మార్చడం, కొత్తదానిని గట్టిపరచడం. మన సంస్థల్లో మొదటి దశను వదిలేసి నేరుగా రెండో దశకు ఉత్తర్వు రాస్తారు. నేను పైన చెప్పిన రెండూ ఆ మొదటి దశ పనులే.

ఆయమ్మలను మరచిపోవద్దు. పక్క మార్చేది, స్నానం చేయించేది వారే కనుక చర్మంలో తేడాను ముందుగా గమనించేదీ వారే. వారినీ మంచం దగ్గర నిలబెట్టి అడుగు. పరిస్థితి, పూర్వాపరాలు, అంచనా, సూచన అనే ఎస్‌బార్ వరుసను, కొత్తగా వచ్చిన బీఎస్సీ అమ్మాయిల చేత కాక, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన పాత సిస్టర్ చేతనే నేర్పించు. నేర్పే బాధ్యత తీసుకున్న మనిషి ఆ పద్ధతిని తనదిగా చూసుకుంటుంది. పక్క మంచాలవారు వినే చోట రోగం పేరు గానీ, ఇంటి తగాదాలు గానీ ఎత్తవద్దు; అవి స్టేషన్‌లోనే చెప్పుకోవాలి.

ముందు ఒక్క వార్డులో నెల రోజులు నడిపి, తరువాత అందరి అభిప్రాయం అడుగు. రాత్రంతా పనిచేసినవారిని అందుకోసం ఉదయం కూర్చోబెట్టవద్దు. నీవే ఒక రాత్రి పది దాటాక, మందుల రౌండు అయ్యాక, వారి దగ్గరకు వెళ్లు.

ఆశీస్సులతో.